కొట్టేసిన లైను

అక్కయ్యపాలెం కోర్టు పక్కన సిమెంటు మెట్ల మీద
ప్రతి ఆదివారం నాకు విచారణ.
జడ్జీలు నలుగురు. ఇద్దరు రిటైరైన డాక్‌యార్డు ఫిట్టర్లు,
ఒకడు ఎల్ఐసీ, ఒకడు ఏ పనీ చెయ్యనివాడు,
తుది తీర్పు ఎప్పుడూ వాడిదే.

"ఫెలిక్స్‌ని రైల్వేకిచ్చి త్రినాథ్‌ని తెచ్చావు చూడు,
అదేనయ్యా మన జట్టు మునిగిన చోటు"
అంటాడు పల్లీల పొట్టు ఊదుతూ.
ఇరవయ్యేడేళ్లయింది.
పొట్టు ఇంకా నా మీదికే వస్తోంది.

నిజమే, ఇచ్చాను.
ఐదడుగుల ఐదంగుళాల ఫెలిక్స్‌ని.
వాడు నడుస్తుంటే బంతి
పెంపుడు కుక్కపిల్లలా వెంట వచ్చేది.
బదులుగా ఆరడుగుల ఐదంగుళాల త్రినాథ్,
రెండు కొత్త బంతులు, ఒక నెట్టు.
నెట్టు మాత్రం చాలాకాలం పనిచేసింది.

ఫెలిక్స్ రైల్వేకి నాలుగు కప్పులు తెచ్చిపెట్టాడు.
త్రినాథ్ మూడో మ్యాచ్‌లో రీబౌండుకి ఎగిరి
కిందికి వచ్చాడు గానీ
మోకాలు అతనితో రాలేదు.

ఇప్పుడు అందరికీ అన్నీ తెలుసు.
హుద్‌హుద్ మర్నాడు మా వీధిలో ప్రతివాడూ
"ఆ బాదంచెట్టు వాలుతోందని నానెప్పుడో అన్నాను" అన్నాడు.
ముందురోజు దాని కిందే స్కూటర్లు పెట్టినవాళ్లు.

నూకరాజు మాట ఎత్తితే మాత్రం పొగడ్డానికే.
"మల్కాపురం సందుల్లోంచి ఆ గుంటణ్ణి
ఎలా పట్టావు గురూ! కన్నంటే నీది."
కన్ను కాదు, మైకు.
సెలక్షన్ రోజు నేను పిలిచింది
పెదగంట్యాడ నూకరాజుని.
వానకి మైకు గరగరలాడి
మల్కాపురం నూకరాజు లేచి వచ్చాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
నువ్వు కాదని చెప్పడానికి నోరు రాలేదు,
అంత తడిసి ఉన్నాడు.
పదకొండేళ్లు ఆడాడు మాకు.

రెండోవాడు తన పేరు మళ్లీ వినిపిస్తుందేమోనని
చీకటి పడేదాకా కూర్చున్నాడట.
వాడెంత ఆడగలిగేవాడో
ఏ ఆదివారం లెక్కలోకీ రాదు.

ఇంట్లో ట్రంకుపెట్టెలో నా నోటుపుస్తకం ఉంది.
పోర్టు ఖనిజం ధూళి కాగితాల అంచులకి పట్టి
తుడిచినా పోని ఎరుపు.
త్రినాథ్ పేజీలో ఎత్తు, బరువు, చాచిన చేతుల కొలత,
కింద ఒక లైను:
బస్సు దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు పెడుతున్నాడు.
దాని మీద నీలం సిరా గీత.
గీసింది నేనే, ఆ రాత్రే.
ఆరడుగుల ఐదంగుళాలు ఒకే మనిషిలో దొరికాక
కాలు సంగతి ఎవడికి కావాలి?

అందుకే, ఆ నలుగురూ తప్పు చేశావంటే
వింటూ కూర్చుంటాను.
"పాపం, నీకప్పుడేటి తెలుసు" అని
దారినపోయే ఐదోవాడెవడైనా జాలిపడితే
టీ గ్లాసు కడిగే వంకతో
పంపు దగ్గరికి పోతాను.

త్రినాథ్ ఇప్పుడు పోర్టు గేటు దగ్గర
కాటా మీద లారీలు తూస్తాడు.
మొన్న కూతుర్ని తీసుకొచ్చాడు సెలక్షన్‌కి.
పద్నాలుగేళ్లు, తండ్రి చేతులు.
తను అన్నిటికన్నా కింది మెట్టు మీదే కూర్చున్నాడు,
"బాగుంటేనే తీసుకోండి సార్" అని
అటు తిరిగి.

సముద్రం గాలి ఎక్కువగా ఉంది.
ఆ పిల్ల వేసినవాటిలో ఎన్ని పడ్డాయో
నన్నడిగితే చెప్పలేను.
ఆట అయ్యాక నీళ్ల సీసా కోసం పైకెక్కి
మళ్లీ కిందికి దిగుతోంది,
కుడి, ఎడమ, కుడి, ఎడమ,
పన్నెండు మెట్లు,
పెన్ను మూత తీసి పట్టుకుని
ప్రతి ఒక్కటీ లెక్కపెట్టాను.