నిప్పు లేని పొగ

మాడ్ డ్రూరీ ముందుగదిలో
టీవీకి రెండేళ్లుగా దుప్పటి ముసుగు.
ప్లగ్గు పీకేసి, వైరు చుట్టేసి,
దాని పక్కనుంచి వెళ్లాల్సి వస్తే
కరిచే కుక్కను దాటినట్టు దాటుతుందావిడ.

"ఈ రకం పెట్టెలు రాత్రిళ్లు వాటంతటవే అంటుకుంటాయట, సిరిల్.
క్లీతోర్ప్స్‌లో ఇల్లు ఇల్లంతా బూడిదట."

ఎవరిల్లు?
చేపల రేవులో ఆర్థర్‌కి తెలుసట.
ఆర్థర్‌ని అడిగితే, క్లీతోర్ప్స్ కాదు, లౌత్ అన్నాడు.
లౌత్‌లో మంగలి గడ్డం గీస్తూ
ఇల్లు కాదు, కర్టెన్ అన్నాడు.
ఆ కర్టెన్ గలావిడ నిక్షేపంగా ఉంది.
టీ పోసిచ్చి, నెమ్మదిగా చెప్పింది:
"పెట్టె మీద కొవ్వొత్తి పెట్టి కునుకు తీశాను నాయనా.
అయినా అది టీవీ కాదు, రేడియోగ్రామ్."

ఇదంతా చెప్పాను.
మాడ్ తల పంకించింది:
"నిప్పు లేనిదే పొగ రాదు కదా."

వస్తుందండీ.
ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.
వయసు మళ్లిన కెపాసిటర్ ఒకటి పగిలి
గది నిండా కంపు పొగ కక్కుతుంది.
ఇంటిల్లిపాదీ పైజమాలతో మంచులో నిలబడతారు.
లోపల చూస్తే రవ్వ కూడా ఉండదు.
కొత్తది వెయ్యడానికి అర పౌను.

అలాగని ఇది పెంపుడు పిల్లి అననండీ.
వెనక అట్ట విప్పానంటే
నా ఎడమ చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.
ప్లగ్గు పీకాక కూడా పిక్చర్ ట్యూబు
కోపం మింగి కూర్చున్న మనిషి.
ఒకసారి నన్ను విసిరి గోడక్కొట్టింది.
ఆ సంగతి మాత్రం
గ్రిమ్స్‌బీలో ఏ నోటా వినలేదు.

దుప్పటి తీశాను.
ఒక కెపాసిటర్, రెండు మూరల వైరు,
ఎలుక దాచుకున్న బిస్కెట్ ముక్క:
అవి మార్చి, ఇది పారేసి, స్విచ్ నొక్కబోతే
గుమ్మంలో మాడ్,
చేతిలో నిండు బకెట్.

"ఆ నీళ్లు వద్దండీ.
ఈ గదిలో అసలు ప్రమాదం అదొక్కటే."

వేడెక్కిన దుమ్ము వాసన.
సన్నటి రొద.
చాలాసేపటికి, బూడిదరంగు వెలుగులోంచి
వాతావరణం చెప్పే పెద్దమనిషి తేలాడు,
రేపు వాన లేదన్నాడు.

మాడ్ ఒకసారి కిటికీలోంచి ఆకాశం చూసుకుంది.
బకెట్ మాత్రం
ఇంకా కింద పెట్టలేదు.