హాజరు

మా ఐస్‌లాండ్‌లో రైలు లేదు.
అగ్నిపర్వతాలున్నాయి, గొర్రెలున్నాయి,
కారు తలుపు ఊడబెరికి పట్టుకుపోయే గాలి ఉంది.
పట్టాలు మాత్రం ఎవరూ వెయ్యలేదు.
అందుకే డెబ్బై రెండో ఏట
వంటింటి బల్ల మీద యూరప్ పటం పరిచి
లేచిపోతున్న హాంబుర్గ్‌ని కాఫీ కప్పుతో అదిమిపెట్టి
మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

మా అక్క కొడుకు ఓర్రి వచ్చాడు.
"పిన్నీ, కార్ల్స్‌రూహెలో రైలు మారాలి. ఏడు నిమిషాలే టైము."
ఏడు నిమిషాల్లో నేను ఒక బూటు లేసు కట్టుకుంటాను.
"అది తప్పితే మళ్ళీ ఎన్ని రోజులకి?" అన్నాను.
వాడు నవ్వాడు. "గంటకొకటి."
గంటకొకటి ఉన్నదానికి ఇంత హడావిడి ఎందుకో
నాకిప్పటికీ బోధపడలేదు.
మా సేయ్‌దిస్‌ఫ్యోర్దుర్ రేవుకి ఓడ వారానికొక్కసారి.

నా ఫోన్‌లో కంటికి కనబడని సిమ్ము ఒకటి పెట్టాడు.
"డెన్మార్క్, జర్మనీ పర్లేదు.
స్విట్జర్లాండ్‌లో మన ప్లాన్ పనిచెయ్యదు, అక్కడ ఇది నొక్కు.
రైలు మారిన ప్రతిచోటా ఒక ముక్క పంపు, మర్చిపోకు."

నాకా చెబుతున్నాడు!
ముప్పయ్యొక్క ఏళ్ళు తీరం రేడియోలో కూర్చున్నదాన్ని.
రోజుకు రెండుసార్లు పడవల పేర్లు వరసగా చదివితే
ఒక్కొక్కటీ గరగరమంటూ పలికేది: ఉన్నాం, ఉన్నాం.
చేపల లెక్క కూడా చెప్పేవాళ్ళు.
లెక్క అబద్ధం, గొంతు నిజం.
ఒక ఫిబ్రవరి రాత్రి స్వానుర్ పలకలేదు.
తెల్లారేదాకా పిలిచాను.
తెల్లారాక కూడా.

ఓడలో రెండు రాత్రులు.
హిర్ట్స్‌హాల్స్‌లో నా మొదటి రైలు వచ్చి ఆగితే
తాడు విసిరేవాడి కోసం చూస్తూ నిలబడ్డాను.
ఎవరూ విసరలేదు. తలుపు దానంతటదే తెరుచుకుంది.
ఆల్బోర్గ్: ఉన్నాను.
హాంబుర్గ్: ఉన్నాను, సాసేజ్ బాగుంది.
కార్ల్స్‌రూహె: నీ ఏడు నిమిషాలు తప్పాయి, ఉన్నాను.

బాసెల్‌లో ఎదుటి సీటులోకి ఫ్రేనీ అనే ఆవిడ వచ్చింది,
ఒళ్ళో ప్లమ్ పళ్ళ సంచి.
ఆవిడ జర్మన్ నాకు పావు వంతు, నా డేనిష్ ఆవిడకి సున్న.
పళ్ళు తింటూ గింజలు ఒకే కాగితంలో ఊశాం.
ఆవిడ వేలు చూపించిన చోటల్లా ఒక సరస్సు లేచేది.
సొరంగం. చీకట్లో నమిలే చప్పుడు. మళ్ళీ వెలుగు.
నొక్కమన్నది నొక్కలేదు.

లుగానోలో హోటల్ వైఫై తగలగానే
గాలానికి పడ్డ కాడ్ చేపలా ఫోను తన్నుకుంది.
పద్నాలుగు మెసేజ్‌లు.
పిన్నీ ఎక్కడున్నావ్.
పిన్నీ పలుకు.
తొమ్మిదోది ఒట్టి నా పేరు: స్వావా.
వాడు నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

మంచం అంచున కోటు విప్పకుండా కూర్చున్నాను.
ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారీ నేను ఇటువైపు లేను.
వాడు అక్కడ నా పేరు పిలుస్తున్నంతసేపూ
ఇక్కడ నా మోచేతి దాకా పండు రసం కారుతోంది.
స్వానుర్‌లో ఆరుగురు.
వాళ్ళకీ అలాగే జరిగిందని అనను,
ఫిబ్రవరి సముద్రం నాకు తెలుసు.
ఐనా ఆ గంటకి ముందు గంటలో
ఎవడో ఒక జోకు చెప్పే ఉంటాడు,
ఇంకొకడు నవ్వాపుకుంటూ రేడియో వైపు చూసి
"ఉండవమ్మా, వస్తున్నా" అనే ఉంటాడు.

ఓర్రికి ఫోన్ చేశాను.
సగం మోతకే ఎత్తాడు. తిట్టాడు. తిట్టనిచ్చాను.
"ఉన్నాను" అన్నాను.
అటువైపు ముక్కు చీదుకున్న చప్పుడు.
"రేపు ఎన్నింటి రైలు?"
"తెలీదురా. గంటకొకటి ఉందిట."