బకెట్టు బరువు తీసేసి

ఇక్కడ చలికాలం నాలుగింటికే బోర్డు మీద చీకటి పడుతుంది.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుట్టల కింద బడి, మాది రెండో షిఫ్టు.
కిటికీ అద్దాలకి మంచు, లోపలివైపున.
సుద్దముక్క విరిగేదాకా చెబుతాను:
"ఎడమన ఎన్నో కుడిన అన్ని.
ముందున్న అంకెలు మీ ఇష్టం, మార్చుకోండి.
పాదం దగ్గర అంటుకున్న చిన్న అంకె జోలికి మాత్రం పోకండి,
అది ఆ పదార్థం పుట్టుమచ్చ."

వెనక బెంచీలో ఎవరో
నీటికి ఇంకో ఆక్సిజన్ అతికించి
లెక్క తేలిందని చేతులు దులుపుకున్నారు.
"భేష్. ఇప్పుడది పుండ్లు కడిగే మందు,
టీ కాచుకుని తాగు" అన్నాను.
నవ్వారు. నవ్వులు ఆవిరై కాసేపు గాల్లో కనబడ్డాయి.

తెర్గెల్ నవ్వలేదు.
లేచి నోటుపుస్తకం చూసి చదివాడు:
"మా గెర్‌లో వారానికి ఒక బొగ్గు బస్తా. ఇరవై ఐదు కిలోలు.
అమ్మ మాంసం తూచే కొక్కెం కాటాకి
బూడిద బకెట్టు తగిలించి చూశాను.
బకెట్టు బరువు తీసేశాను టీచర్.
ఐదు కిలోలు.
మిగతా ఇరవై ఏవీ?"

పంతొమ్మిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
బకెట్టు బరువు తీసేసినవాడు ఇతనే.

"ఎక్కడికీ పోలేదు నాయనా.
పొయ్యి గొట్టంలోంచి పైకెక్కాయి, అదీ ఒంటరిగా కాదు.
ఇరవై కిలోల కార్బన్
మీ గుడారం గాల్లోంచి యాభై మూడు కిలోల ఆక్సిజన్ని
చంకనేసుకుని మరీ వెళ్లింది.
కలిపితే డెబ్బై మూడు, ఉజ్జాయింపున.
వారానికో నిండు మనిషి బరువు
మీ గొట్టంలోంచి లేచిపోతోంది."

అందరూ కిటికీ వైపు తిరిగారు.
గుట్ట నిండా గొట్టాలు, ఒక్కో గొట్టం మీద ఒక్కో మనిషి,
పైన లోయకి మూత పెట్టినట్టు ఆకాశం.
పొగ తేలికని ఎవరన్నారు?

"గొట్టం మసితో పూడుకుంటే, టీచర్?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు.
హాజరు పట్టీలో ముప్పై ఆరు పేర్లు,
బెంచీల మీద ముప్పై ఐదుగురు.
తెర్గెల్ పక్కన ఖాళీలో సారూల్ చేతితొడుగు ఒకటి,
జనవరి నుంచీ ఎవరూ తీయలేదు.

వెనక్కి తిరిగి రాశాను.
గాలి చాలనప్పుడు రెండు కార్బన్లు,
ఒక్క ఆక్సిజన్ జంటని చెరిసగం పంచుకుంటాయి.
రెండు మోనాక్సైడులు.
రంగులేదు, వాసన లేదు, దగ్గైనా రాదు.
ఎడమన రెండు, కుడిన రెండు.
తేలింది.

అదే నాకు మింగుడు పడనిది.
ఆ రాత్రి ఆ గుడారంలోనూ లెక్క తేలింది,
ఒక్క పరమాణువు తగ్గలేదు, ఒక్కటి ఎక్కువ కాలేదు.
ఎవరు పీల్చారో రాయడానికి
బాణం గుర్తుకి ఏ పక్కనా చోటు లేదు.
గంట కొట్టేదాకా
బోర్డు వైపే నిలబడ్డాను.

సోమవారం తెర్గెల్ ముందుగా వచ్చాడు,
గోళ్ల నిండా నలుపు.
టీ పొడి కాగితంలో కట్టిన పొట్లం బల్ల మీద పెట్టాడు.
"గొట్టం దులిపాను. ఈ మసి కూడా బొగ్గే కదా,
లెక్కలో కలపొద్దూ?"
తూచాం. మూడు వందల గ్రాములు.
ఇరవై కొట్టేసి
పంతొమ్మిది పాయింటు ఏడు అని రాసుకున్నాడు.

జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు,
ఇంకొంచెం పెద్దది.
"ఇది సారూల్ వాళ్లమ్మది.
వాళ్ల గొట్టం కూడా దులిపాను.
మా దాంట్లో కలపలేదు, టీచర్."