నెర్రె

ఒంగోలు నుంచి మార్కాపురం దాకా
ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను.
"కోడిగుడ్లా అన్నా?" అన్నాడు కండక్టరు.
అంతకంటే పెళుసుదే.

స్టూడియో షట్టరు సగం దించి
కొత్త హార్డ్ డిస్కు తగిలించాను.
ఏమీ దాచలేదు ఇంకా.
దాచుకోగలవా అని ముందు అడగాలి గదా.

ఒకటి సున్నా ఒకటి సున్నా
అంచు నుంచి నడిమి దాకా రాసుకుంటూ పోతుంది,
మళ్ళీ మొదటికొచ్చి
రాసిందంతా చదువుకుంటుంది.
తర్వాత సున్నా ఒకటి సున్నా ఒకటి.
ఆ తర్వాత అన్నీ ఒకట్లు.
చివరికి అన్నీ సున్నాలు.
నాలుగు టెరాబైట్లు, నాలుగుసార్లు.
రెండు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు.

పోయిన వేసవిలో నాకీ ఓపిక లేదు.
కొన్నరోజే నింపేశాను.
తర్లుపాడు సుభాషిణమ్మ కూతురి ఓణీల ఫంక్షను
నలభై రోజులకి
టిక్కుమని, ఆగి,
మళ్ళీ టిక్కుమని పోయింది.
ఆమె తిట్టలేదు.
బెంచీ మీద కూర్చొని మంచినీళ్ళు తాగి
"నువ్వన్నా ఒకసారి పూర్తిగా చూశావా నాయనా?" అంది.
చూశానన్నాను.
చూళ్ళేదు.

రెండో రోజు ఖాసింబీ పెద్దమ్మ వచ్చింది
పింఛను కాయితానికి ఫొటో కావాలని.
నలభై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో ఏరిన చేతులు,
గోళ్ళ కింద ఆ బూడిద రంగు ఇంకా పోలేదు.
"ఏం రాస్తా ఉందిరా అది, ఆగకుండా?"
"ఏం లేదు పెద్దమ్మా. రాసేది, చదివేది, చెరిపేది."
"బడికొచ్చిన పిల్లోడా?"
"వాడే. ఇంకా పాసు కాలేదు."

నవ్వి, గాజులు పైకి తోసుకొని
వేలి కణుపుతో బల్ల మీద కొట్టింది.
"మేమైతే ఇట్టా కొట్టి చెవి పెట్టేవాళ్ళం.
మంచి పలక ఖంగుమంటది.
నెర్రె ఉంటే జలుబు చేసిన గొంతు.
కంటికి దొరకదురా అది."
డిస్కు మీద కూడా కొట్టబోతే
చెయ్యి పట్టుకొని ఆపాను.

సాయంత్రం కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుకీచుమంటూ
పదకొండు నిమిషాలు మోసింది.
ఆ పదకొండూ నేను నిలబడే ఉన్నాను,
నిలబడి చేసేదేమీ లేకపోయినా.

మూడో రాత్రి, మూడు గంటలు.
ఆఖరి సున్నాలు చదువుతోంది. ఎనభై మూడు శాతం.
అప్పటిదాకా నిద్రపోయిన తప్పుల లెక్క
కదిలింది.
ఒకటి.
సున్నా రాయమంటే రాసింది,
ఏం రాశావంటే చెప్పలేకపోయింది.
ఖాళీని కూడా గుర్తుపెట్టుకోలేని చోటు
ఒకటుంది దానిలో.

పొద్దున్నే షాపతనికి ఫోన్ చేస్తే
"కోట్లలో ఒక్కటేగా, కానియ్యన్నా" అన్నాడు.
ఆ ఒక్కదాని మీద
ఎవరి తలంబ్రాలు పడతాయో చెప్పు, అన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
"తెచ్చెయ్" అన్నాడు.

పొదిలి పెళ్ళి ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది,
రెండు మెమరీ కార్డుల్లో.
పెళ్ళికొడుకు ఫోన్ల మీద ఫోన్లు.
"మీ పెళ్ళి భద్రంగా ఉంది బాబూ,
దానికి ఇల్లు వెతుకుతున్నా."

ఇంకో డబ్బా విప్పాను.
తగిలించే ముందు
అటూ ఇటూ చూసి
గోటితో మెల్లిగా ఒక్క దెబ్బ కొట్టి
చెవి పెట్టాను.

ఏమీ తెలియలేదు.
సున్నా శాతం.