వైరు పట్టుకున్నవాడు

అప్పట్లో హెడ్‌సెట్లకు వైర్లుండేవి.
లోవెల్ స్ట్రాడర్ సున్నపు గీత వెంట పరుగెడుతుంటే
వెనకాల ముప్ఫై గజాల నల్లతీగను
చుట్టుకుంటూ, వదులుతూ
ఎవరి కాళ్ళకూ అడ్డం పడకుండా చూసినవాణ్ణి నేను.
కాన్సాస్‌లో, కోసేసిన గోధుమచేల నడుమ ఓ చిన్న కాలేజీ.
గంటకు మూడు డాలర్ల ముప్పావు.
నా పేరు ఆయనకు తెలుసనుకోను.
"వైరూ!" అనేవాడు.
పలికేవాణ్ణి.

దాడి ఆయన వంతు. కాపు కాయడం ఇంకొకరి తలనొప్పి.
నోటికి అట్ట అడ్డం పెట్టుకుని గొణిగేవాడు.
పైన గాజుగదిలో ఉన్నవాళ్ళకీ,
తీగ ఈ చివరన నాకూ తప్ప
ఎవరికీ వినబడేది కాదు:
"కుడికి ముగ్గురు. ఐలీన్. రెండో కేకకి."

ఐలీన్ ఆయన భార్య.
ఆ ఎత్తుకి ఆ పేరేమిటని బస్సులో ఎవరో అడిగితే
"ఎడమకి పోతున్నట్టే ఉంటుంది,
చివరికి ఇంటికే వస్తుంది" అన్నాడు నవ్వకుండా.

గెలిస్తే కుర్రాళ్ళ కాళ్ళ చలవ.
ఓడితే ఈయన బుర్రతక్కువ.
మంగలికి తెలుసు, పెట్రోలు పోసేవాడికి తెలుసు,
మూడో ప్రయత్నంలో బంతి ఎటు విసరాలో పాస్టరుగారికి కూడా తెలుసు.
"ఆలోచిస్తాను" అనేవాడు అందరితోనూ.
నిజంగానే ఆలోచించేవాడు. అదే ఆయన జబ్బు.

నవంబరు. మంచురాళ్ళ వాన.
నాలుగో ప్రయత్నం, ఇంకొక్క గజం.
గజమంటే ఎంతని?
బట్టలకొట్లో కొలిచి చర్రున చింపి ఇచ్చేంత.
తన్నెయ్, తన్నెయ్ అని స్టేడియమంతా అరుస్తోంది.
ఆయన ఐలీన్‌ని పిలిచాడు.

సరిగ్గా అప్పుడే
తీగ బెంచీ కాలికి చిక్కుకుంది.
నేను లాగాను.
హెడ్‌సెట్ ఆయన చెవి మీంచి జారి మెళ్ళో పడింది.
పైనుంచి ఎవరో అరుస్తున్నారు
"వాళ్ళు జరిగారు, మార్చు, మార్చు!"
ఆ గొంతు ఆయన కాలరు దగ్గర
కందిరీగలా రొద పెట్టింది.
ఆయన దాన్ని ఎత్తి పెట్టుకునేసరికి
లెఫ్ట్ గార్డు ఓటిస్ బ్రంకా
బురదలో బోర్లా ఉన్నాడు, బంతి వాడి కింద లేదు.

విలేఖరులతో ఆయనన్నవి నాలుగు మాటలు.
"పిలుపు నాది. తప్పు నాది."
నేను గోడవార తీగ చుడుతున్నాను,
చుట్టిందే విప్పి మళ్ళీ చుడుతున్నాను.

సోమవారం ఆయన తాళంచెవి ఆఫీసు తలుపుకి తిరగలేదు.

సామాను ఎక్కించడానికి నేనే వెళ్ళాను, అడక్కపోయినా.
ప్రతి పెట్టె మీదా మూడు ఊళ్ళ పేర్లు, రెండు కొట్టేసి.
ఒకటి ఎత్తబోతే ఐలీన్ అంది:
"జాగ్రత్త. ఏముందో మర్చిపోయాను,
బరువు మాత్రం గుర్తుంది."
చెప్పేద్దామనుకున్నాను.
లారీ తలుపు మూసుకుంది.

తర్వాతంతా పేపర్లో చివరి పేజీ అడుగున
టైర్ల ప్రకటన పక్కన రెండు లైన్లు:
ఐడహో. లూసియానా. ఒహాయోలో నాలుగేళ్ళు.
ఒక ఏడు ఏ వార్తా లేదు.
టల్సాలో ఇళ్ళకప్పుల రేకులు అమ్మాడని విన్నాను.
మళ్ళీ ఎక్కడో, కుర్రాళ్ళు ఇంకా కుర్రాళ్ళే,
ఆయన జుట్టు మాత్రం సున్నపు గీత రంగు.

ఈలోగా వైర్లు పోయాయి.
నా పని పోయింది.
ఎవరూ నన్ను తీసెయ్యలేదు,
తీగతో పాటే చుట్టి ఏ అలమరలోనో పెట్టేశారు.

మొన్న శనివారం టైర్ల షాపులో, గోడకున్న టీవీలో
పల్చటి మనిషి, నోటికి అడ్డంగా అట్ట.
నాలుగో ప్రయత్నం. ఇంకెన్ని గజాలో చూడలేదు నేను.
ఆయన ఎడమచెయ్యి చూస్తున్నాను.
గీత వెంట రెండడుగులు వేసి
ఆ చెయ్యి నెమ్మదిగా వెనక్కి పోయింది,
నడుము దగ్గర గాలిలో
ఏదో వెతికింది,
కొంచెం వదులు చెయ్యమన్నట్టు
రెండు వేళ్ళు ఆడించింది.

గ్రీజు చేతులతో, కౌంటరు ఇవతల నుంచి,
వదిలాను.