ఎనభై డిగ్రీల దగ్గర

వూచ్ నగరం. ఫిబ్రవరి. రాత్రి రెండు దాటింది.
మూతపడ్డ నూలుమిల్లు గోడకు ఆనుకుని ప్రయోగశాల.
గ్రజీనా వేడిపెట్టె మూత బిగించింది,
లోపల గోరంత పలక ఒక్కటే.

నీళ్ల సీసాల జాతిదే అది.
కరిగి కాగుతున్నప్పుడు మంచునీళ్లలో ముంచితే
ఉలిక్కిపడి, ఎక్కడి గొలుసు అక్కడే ఆగిపోయింది.
చిక్కుపడ్డ నూలే, అయినా గాజంత తేట.
ఇప్పుడు మళ్లీ ఎనభై డిగ్రీలు.
కరగడానికి చాలదు
కదలడానికి చాలు.

పెద్ద కోణంలో ఎక్స్-కిరణాలకు దొరికింది
ఒక మసక గుట్ట. స్ఫటికం జాడ లేదు.
"మొదటి గంటన్నర ఖాళీ కాలం," అంటాడు ప్రొఫెసర్ రదోషేవ్‌స్కీ,
"ఏమీ జరగదు. పోయి పడుకో."
నోటుపుస్తకంలో ఆ గడికి ముందే అడ్డగీత కొట్టి వెళ్లాడు.

ఆమె పడుకోలేదు.
చిన్న కోణపు తెర మీద, నడిమి చుక్కకు బాగా దగ్గరగా,
ఏదో ఉబ్బుతోంది.

వాళ్లమ్మ యూజెఫీనా
ఈ గోడకు అవతలే ఇరవై ఆరేళ్లు నేసింది.
మగ్గాల మోతకు చెవులు పోయాయి.
ఆ షెడ్డులో ఆడవాళ్లంతా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు:
రొట్టె ధర, తప్పిన నెల, మేస్త్రీకి తిట్లు.
"మాటకంటే ముందు నోరు ఒక ఆకారం తీసుకుంటుందే,
అది పట్టుకో. శబ్దం కోసం ఆగావా, ఆలస్యమే."

ముడుచుకున్న గొలుసులు కాస్త కాస్త నిటారవుతున్నాయి.
నిటారైన ముక్క పక్కదానికి అడ్డం,
పక్కది ఒదగాలంటే తనూ అటే తిరగాలి.
బారులు తీరలేదు, ఇంకా.
మొహాలు మాత్రం ఒకే దిక్కుకు తిప్పుకున్నాయి.
ఒకచోట చిక్కన, ఒకచోట పల్చన—
చేమిరి వేయని పాలు
తమకు తామే తోడై
తోడుకోబోయే ముందరి తడబాటు.

తొంభై ఏడో నిమిషాన పెద్ద కోణంలో మొదటి శిఖరం.
తర్వాత పలక మెల్లగా పాలబారింది.
ఇక ఎవరికైనా కనిపిస్తుంది.

ఆమె అడ్డగీతను చెరపలేదు.
పక్కన పెన్సిలుతో రాసింది:
పంతొమ్మిదో నిమిషం. పెదవులు కదిలాయి.

పొద్దున ఆయన కోటు మీది మంచు దులుపుకుంటూ వచ్చి
పుస్తకం తెరిచాడు, కళ్లజోడు పైకి నెట్టాడు,
ఆ గడి దగ్గర ఆగాడు.
ఏమంటాడో
ఆయన అనకముందే ఆమెకు తెలిసిపోయింది.