బ్రేకు తొక్కు

నాలుగు రోజుల తర్వాత
మా ఇద్దరి మధ్య పుట్టిన మొదటి మాట
"తొక్కు."

తొక్కాను.
మల్కాజిగిరి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్,
ఆదివారం, నల్లా నీళ్లు ఇంకా రాని పొద్దు.
పాత జెన్ ఎడమ చక్రం ముందు చంద్రకళ
యాక్సిల్ నట్టుకి పానా తగిలించి
పానాకి మూడడుగుల ఇనప పైపు తొడిగి
పైపు మీదెక్కి నిలబడింది,
నైటీ మీద నా ఆఫీసు చొక్కాతో.

నట్టు కదల్లేదు.
పద్దెనిమిదేళ్ల తుప్పు అంత తేలిగ్గా మాట వినదు.
మాది పదహారే.

గొడవంతా ఆ చప్పుడుతోనే వచ్చింది.
స్టీరింగు ఎడమకి తిప్పితే చాలు, టకటకటకటక,
ఆనందబాగ్ మలుపులో మిర్చిబండి దగ్గర జనం
ప్లేట్లలోంచి తలెత్తి చూసేవాళ్లు.
"షాఫ్టు మొత్తం పోయింది సార్, పదకొండు వేలు"
అన్నాడు మెకానిక్.
తను వంగి, చక్రం వెనక వేలు పెట్టి, గ్రీజు చూసి
"షాఫ్టుకేం కాలే. బూటు చినిగింది. బయటి జాయింటొక్కటే" అంది.
మెకానిక్ నవ్వాడు.
అతనితో కలిసి నేనూ నవ్వాను.
"నీకేం తెలుసు?" అన్నాను.

ఎవర్ని!
రాణిగంజ్ షెడ్డులో రాజమల్లు మేస్త్రీ బిడ్డని.
తొమ్మిదేళ్లకే నట్టు అరచేతిలో ఆడించి
సైజు చెప్పిన మనిషిని.

"గట్టిగ తొక్కు. నిద్రవోతున్నవా?"
మూడు మాటలు. లెక్కపెట్టుకున్నాను.

నట్టు కీచుమంది. ఆ అరుపుకి
వాచ్‌మన్ బీరప్ప బకెట్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత నాతో పెద్దగా పనిలేదు.
వెనక చక్రాలకి ఇటుకలు పెట్టింది నేనే,
అదొక్కటి రాసుకోండి.
జాకీ లేచింది. చక్రం ఊడింది.
కింది బోల్టు తీసి, హబ్బుని పక్కకి లాగి
రాగిముక్క అడ్డం పెట్టి రెండు దెబ్బలేస్తే
షాఫ్టు కొస లోపలికి జారింది.
గేరుబాక్సు దగ్గర ఒక్క తన్ను.
"బేసినేదీ?" అనేలోపే
నూనె, సెక్రటరీ నాగభూషణం గారి పార్కింగు గీత దాటి
తీరుబడిగా పారింది.

బయటికొచ్చిన షాఫ్టుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని
బూటు కోసి, నల్లటి గ్రీజు వేలితో తీసి
నా అరచేతిలో రాసింది.
గరగర.
మా వీధి ఇసుకంతా అందులోనే ఉంది.
ఆరు ఉక్కు గోళీలు తుడిచి చూపించింది,
ఒకదాని మీద జొన్నగింజంత గుంట.
"తెలిసిందా నాకేం తెలుసో?"

కొత్త జాయింటు నిన్ననే తెచ్చిందట,
బస్సులో, కూరగాయల సంచిలో, బెండకాయల కింద.

తియ్యడం కంటే పెట్టడం కష్టం.
షాఫ్టు పళ్లూ లోపలి పళ్లూ కలవాలి, కలవవు.
మూడుసార్లు జారింది. నేను నెట్టబోయాను.
"నెట్టకు. బరువు మొయ్యి, చాలు."
మోశాను, మోకాళ్ల మీద, చెమట కళ్లలో పడుతున్నా.
తను వెంట్రుకవాసి తిప్పి
భుజంతో ఒక్క పోటు.

టక్.

ఆర్నెల్లుగా వేల టక్కులు విన్నాను,
ఇలాంటిది వినలేదు.
లోపలెక్కడో రింగు తన గాడిలో కూర్చుంది.

కొత్త నట్టు. మళ్లీ "తొక్కు."
ఈసారి రెండు కాళ్లతో తొక్కాను.
శానం పెట్టి నట్టు అంచు మీద సొట్ట కొట్టింది,
ఎంత తిరిగినా వదులు కాకుండా.

సాయంత్రం తనే నడిపింది.
ఆనందబాగ్ మలుపులో స్టీరింగు పూర్తిగా ఎడమకి.
మిర్చిబండి దగ్గర ఒక్క తలా లేవలేదు.
ఇన్నాళ్లూ ఆ చప్పుడుంది కనక
మాట్లాడకపోయినా కారు నిండుగా ఉండేది.
ఇప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పాలి.

"ఆ రోజు షాపులో నేను..." అన్నాను.

"అది సరే,
నూనె మరకకి నాగభూషణం సారుకేం చెప్తవో
ముందు అది చెప్పు" అంది
ఇంకో మలుపు అవసరం లేకపోయినా
ఎడమకి తిప్పుతూ.